ఆసామి పేరు

కొడుకు ట్యాంకు ఎక్కే వేళకి జీవరత్నం పొయ్యి దగ్గర నుంచి కదలదు. బయటికి వస్తే కనపడుతుంది. ములగలమెరక పంచాయతీ వాళ్లు కట్టించిన ఆ నీళ్ల ట్యాంకు ఊళ్లో ఏ మూల నిలబడ్డా కనపడుతుంది. కొబ్బరిచెట్ల తలల్ని కూడా దాటేసి, నాలుగు కాళ్ల మీద మబ్బుల్లోకి తలపెట్టి నిలబడి ఉంటుంది. దాని పక్కన ఇనప నిచ్చెన. రోజూ ఆరున్నరకి ఇస్సాకు ఆ నిచ్చెన ఎక్కి, పైన మూత తెరిచి, నీళ్లు ఎంతున్నాయో కర్రతో కొలిచి, బ్లీచింగు కలిపి, కిందికి దిగి వాల్వు తిప్పుతాడు. అప్పుడు పదహారు కుళాయిల్లోకీ నీళ్లొస్తాయి.

కొడుకు క్షేమంగా దిగాడని తల్లికి తెలిసేది ఆ కుళాయి చప్పుడుతోనే. ముందు గొట్టంలో గాలి బుస్సుమంటుంది. తర్వాత నాలుగు చుక్కలు, ఆపైన ధార. ఆ ధార ఎవరి బిందెలోనో పడి మోగేదాకా ఆమె పొయ్యిలో పుల్ల కూడా ఎగదొయ్యదు. మోగేక, ‘ఇవాళ్టికి దింపేవు ప్రభువా’ అనుకుని ఎసరు పెడుతుంది.

ఆమె భయానికి కారణం ఊరందరికీ తెలుసు. భర్త యాకోబు కాశీవిశ్వనాథం గారి దగ్గర పాలేరు. కొబ్బరి దింపు కూడా ఆయనే తీసేవాడు. ఇస్సాకుకి తొమ్మిదో ఏడు వచ్చినప్పుడు, వాన వెలిసిన ఒక మధ్యాహ్నం, తడిచెట్టు మీద కాలికున్న బందం జారింది. గెలలు దింపడానికి ఎక్కిన మనిషిని నలుగురు మోసుకొచ్చారు. ఆ రోజు నుంచి జీవరత్నం ఒకటే అనుకుంది, నా కొడుకు చెట్టెక్కే పని చెయ్యకూడదని. కూలికి వెళ్లి, కొబ్బరి పీచు తీసి, వాణ్ణి పదో తరగతి దాకా చదివించింది, ఫిట్టరు పని నేర్పించింది. తీరా వాడికి దొరికిన సర్కారు ఉద్యోగం ఏమిటయ్యా అంటే, చెట్టుకి రెండింతలున్న నిచ్చెన రోజుకి రెండు మాట్లు ఎక్కి దిగడం. దేవుడికి తనతో ఏదో పరాచికం ఉందని ఆమెకి అనుమానం.

అయినా ఆ ట్యాంకంటే ఆమెకి భయం ఎంతో, అబ్బురం అంత. ఎక్కడైనా నీళ్లు పల్లానికి పోతాయి. ఈ నీళ్లు మాత్రం మోటారు చెప్పిన మాట విని అరవై అడుగులు పైకెక్కి, మళ్లీ ఎవరి వీధిలోకి వాళ్లకి పంచినట్టు దిగి వస్తాయి. ఆ ఊళ్లో నూతులన్నీ ఉప్పు. ఎండాకాలం కాలువలు కట్టేస్తే మంచినీళ్ల కోసం రెండు మైళ్లు నడిచిన తల్లుల్లో జీవరత్నం ఒకతె. కడుపుతో ఉండి కూడా నడిచింది. ఇప్పుడు గుమ్మం దాటి పది అడుగులు వేస్తే నీళ్లు. చెయ్యి పెడితే చెయ్యిని తోసేసేంత జోరు. మొదటిరోజు ఆ ధార కింద అరచెయ్యి పెట్టి, ఎవరో లాక్కుంటారేమోనని అటూ ఇటూ చూసింది.

ఆ నీళ్లు వచ్చిన రెండో ఏడు, ఎనభై మూడులో, ఇంటి పన్ను పెరిగింది.

బిల్లు కలెక్టరు మాణిక్యాలరావు మంచివాడే. అచ్చు కాగితం ఇచ్చి, ఏవండీ ఇది పదిహేను రోజుల్లో చూసుకోండి అని చెప్పి సైకిలెక్కి పోయాడు. ఇదివరకు రసీదు మీద ఇంటి నంబరు, కట్టిన అంకె తప్ప ఏమీ ఉండేది కాదు. ఈసారి పంచాయతీ వాళ్లు కొత్త కాగితాలు అచ్చు వేయించారు. జీవరత్నం మిషను బళ్లో నాలుగో తరగతి దాకా చదివింది. బైబిలు చదివినట్టే అక్షరం కింద వేలుపెట్టి చదువుకుంది.

‘ఆసామి పేరు: నేలపూడి జీవరత్నం. ఇంటి రకం: తాటాకు. పాత పన్ను: ఆరు రూపాయలు. కొత్త పన్ను: ఇరవై నాలుగు రూపాయలు.’

ఆమె వేలు మొదటి మాట దగ్గరే ఆగిపోయింది.

ఆ ఊళ్లో ఆసామి అంటే కాశీవిశ్వనాథం గారు. ముప్పై ఎకరాల మాగాణి, కొబ్బరితోట, మండువా లోగిలి, వాకిట్లో రెండు ధాన్యం పురులు. ఆసామి అంటే అరుగు మీద కూర్చునేవాడు. అరుగు కింద నిలబడేవాళ్లకి వేరే పేర్లున్నాయి. యాకోబు బతికున్నంత కాలం ‘ఆసామి గారు పిలిచేరు’ అంటే అన్నం కంచం పక్కన పెట్టి లేచేవాడు. అలాంటి మాట తెచ్చి తన పేరు పక్కన పెట్టారు.

ఆమెకి సంగతి అర్థమైపోయింది. ఎక్కడో పొరపాటు పడ్డారు. తనని ఆసాముల్లో కలిపేశారు. అందుకే ఆరు ఇరవై నాలుగైంది. రేపు తాటాకింటికి బదులు మండువా అని రాస్తారు, ఎల్లుండి ఏదీ నీ ముప్పై ఎకరాల శిస్తు అంటారు, కట్టకపోతే జప్తు. పూర్వం పన్ను కట్టని వాళ్ల ఇంటి తలుపులు ఊడబెరికి బండిమీద వేసుకుపోయేవారని అత్తగారు చెబుతుండేది. జీవరత్నం ఇంటికి ఉన్నదే ఒక్క తలుపు, పనసచెక్కది. యాకోబు రెండేళ్లు మిగిల్చి చేయించాడు. ఆమె ఆ కాగితం మడిచి బైబిల్లో పెట్టి, వెళ్లి తలుపు బందులు గట్టిగా ఉన్నాయో లేదో చూసుకుంది.

కొడుకుతో చెప్పలేదు. చెబితే వాడు ఆఫీసులో అడుగుతాడు, అడిగితే వాళ్లకి కోపం వస్తుంది, వస్తే ఉద్యోగం పోతుంది. ఆమె ఆలోచన ఎప్పుడూ ఇలాగే మెట్టు మెట్టు దిగి నూతి అడుక్కి పోతుంది.

పక్కింటి సత్తెమ్మకి కూడా అలాంటి కాగితమే వచ్చింది. సత్తెమ్మ భయపడే మనిషి కాదు, మండిపడే మనిషి. కుళాయి దగ్గర నలుగురూ ఉండగా జీవరత్నాన్ని చూసి, “మీవాడు వాల్వు తిప్పుతాడు, మా కళ్లు తిరుగుతాయి” అంది. అందరూ నవ్వారు. జీవరత్నం కూడా నవ్వినట్టు పెదవులు కదిపి బిందె ఎత్తుకుంది. తాటిపాక వైపు చమురు కంపెనీ వాళ్లు వచ్చి అద్దెలకు దిగాక ఇళ్ల అద్దెలు పెరిగాయని, అద్దె పెరిగితే పన్ను పెరుగుతుందని, దానికి తోడు కొత్తగా వేసుకున్న వాళ్ల జీతాలని జనం చెప్పుకుంటున్నారు. కొత్తగా వేసుకున్న వాళ్లు ఇద్దరే. మోటారు చూసుకునే బాబ్జీ, ట్యాంకు చూసుకునే ఇస్సాకు. మనిషికి నెలకి రెండు వందల అరవై.

చివరికి ఆ మాట ఎవరితో చెప్పుకోవాలో జీవరత్నానికి ఒక్కరే తోచారు, నిజమైన ఆసామి. తన మాటని పొరపాటున ఇంకొకరికి అంటగడితే ఆయనకైనా కోపం రావాలి కదా.

కాశీవిశ్వనాథం గారు అరుగు మీద కాగితాలు పరుచుకుని కూర్చున్నారు. చెడ్డవాడేం కాదు. యాకోబు పోయినప్పుడు రెండు బస్తాల ధాన్యం పంపించారు. ఆయన ఇంటి పన్ను కూడా డెబ్భై నుంచి మూడు వందల పదికి ఎగిరింది, ఆయన బాధ ఆయనది. జీవరత్నం మెట్ల కింద నిలబడి కాగితం చాపి, ఆయ్, నన్ను మీలో కలిపేశారండీ, ఆ మాట కొట్టించెయ్యాలండీ అని చెప్పుకుంది. ఆయన కళ్లజోడు సవరించుకుని చదివి, పొట్ట కదిలేలా నవ్వారు.

“నువ్వు ఆసామివైతే మరి నేనెవర్నే?”

నవ్వి, నీ ఒక్కదానికే కాదు, పేటలో అందరికీ అలాగే రాశారట, అందరూ వచ్చి ఇదే చెబుతున్నారు, ఊరందరి తరఫునా అర్జీ పెడుతున్నాను, సంతకం పెట్టు, పన్ను తగ్గుతుంది, ఆ మాటా పోతుంది అన్నారు. పై కాగితం మీద ‘పెంచిన ఇంటి పన్ను తగ్గించవలెను’ అని పెద్ద అక్షరాలున్నాయి. ఆమె అంతవరకు చదివింది. కింద ఇంకో కాగితం ఉంది, సంతకాలు దానిమీద. చుట్టూ వేలిముద్రల మధ్య అక్షరాలతో సంతకం పెడుతున్నానన్న చిన్న గర్వం కూడా కలిగిందామెకి. నే, ల, పూ, డి అని విడివిడిగా రాసి, జీవరత్నం దగ్గర చోటు చాలక కింది వరసలోకి వంచింది.

ఆ సాయంత్రం ఇస్సాకు అన్నం కలుపుకుంటూ కలుపుకుంటూ ఆపేశాడు.

“నన్నూ బాబ్జీనీ తీసెయ్యమని అర్జీ వచ్చిందంటమ్మా. మా జీతాల కోసమే పన్ను పెంచేరంట. ఇద్దర్నీ తీసేసి, వారానికి రెండు రోజులు ఎవర్నైనా కూలికి పెట్టుకుంటే పన్ను సగానికి దిగుద్దంట.”

జీవరత్నం చేతిలో గరిట చేతిలోనే ఉంది. ఎవరు పెట్టారని అడిగింది.

“కాశీవిశ్వనాథం గారు మొదట. మొత్తం నలభై రెండు సంతకాలంట. అందులో ముప్పై ఒకటి మన పేటవే. ఎవరెవరో నేను చూళ్లేదు.” ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నమిలాడు. “చూస్తే వాళ్ల వీధి కుళాయి తిప్పబుద్ధి కాదు కదా.”

ఆమె పులుసు పోయబోయి నీళ్లు పోసింది. వాడు చూసి కూడా అలాగే కలుపుకుని తిన్నాడు.

తెల్లారి లేస్తూనే మాణిక్యాలరావు కోసం వీధి చివర కాపు కాసింది. సైకిలు ఆపించి, ఒక సంతకం కొట్టించాలంటే ఎలాగ బాబూ అని అడిగింది, ఎవరిదో చెప్పకుండా. ఆయన ఆలోచించాడు. శనివారం పంచాయతీ ఆఫీసులో విచారణ ఉంది, పంచాయతీ అధికారి ఈవో గారు ఒక్కొక్కరినీ పిలిచి అడుగుతారు, అప్పుడు చెప్పాలి, ముందూ వెనకా కుదరదన్నాడు.

“ఎవరు చెప్పినా వింటారాండీ?”

“ఆయ్, అలా కుదరదండీ. ఆసామే స్వయంగా వచ్చి చెప్పాలి.”

ఆసామి అంటే జీవరత్నానికి ఒక్కరే. అర్జీ పెట్టిందే ఆసామి గారు. ఆయన స్వయంగా వచ్చి, ఈవిడ సంతకం కొట్టెయ్యండని ఎందుకు చెబుతారు? అయినా ఆ రెండు రోజుల్లోనూ మూడుసార్లు మండువా దాకా వెళ్లింది. మొదటిసారి ఆయన భోజనంలో ఉన్నారు. రెండోసారి అమలాపురం వెళ్లారు. మూడోసారి అరుగు మీదే ఉన్నారు కానీ, ఆమె గేటు దాకా వెళ్లి గేటు పట్టుకుని, అడిగి కాదనిపించుకున్నాక ఇంకేం మిగలదు కదా అనిపించి తిరిగొచ్చేసింది.

శనివారం పది గంటలకి పెంకుటింటి పంచాయతీ ఆఫీసు వరండాలో బల్ల వేశారు. ఒక కుర్చీలో సర్పంచి త్రిమూర్తులు గారు, ఇంకో కుర్చీలో ఈవో గారు. ఈవో సన్నటి మనిషి, జలుబు చేసి ఉన్నాడు, రుమాలు బల్ల మీదే పెట్టుకున్నాడు. ఆయన ముందు ఎర్ర గుడ్డ అట్ట వేసిన పుస్తకం ఒకటి. గుమ్మానికి వేసే తలుపంత ఉంది. రైతులు బెంచీల మీద సర్దుకున్నారు. పేటవాళ్లు ఎప్పటిలాగే వాకిట్లో కొబ్బరిచెట్టు నీడలో నిలబడ్డారు. జీవరత్నం అందరి వెనకా, సత్తెమ్మ భుజం చాటున నిలబడింది. వరండా గోడ వారన ఇస్సాకు, బాబ్జీ చేతులు కట్టుకుని ఉన్నారు, తమ పెళ్లికి తామే పిలవని చుట్టాల్లా.

మొదట కాశీవిశ్వనాథం గారిని పిలిచారు. ఆయన లేచి, నాలుగు వాటాలు అద్దెకిచ్చానని రాశారు, రెండే ఇచ్చాను, పశువుల శాల గాలివానకి కూలిపోయింది, దానికి కూడా పన్నేస్తే పడిపోయిన గోడలకి నేను అద్దెలు వసూలు చెయ్యాలా అని అడిగారు. బెంచీల మీద నవ్వులు లేచాయి. ఈవో కూడా నవ్వి, ఎర్ర పెన్సిలుతో మూడు వందల పదిని రెండు వందల అరవై చేశాడు. ఇక జీతగాళ్ల సంగతి అని ఆసామి అందుకోబోతే, అది సంతకం పెట్టినవాళ్లని ఒక్కొక్కర్నీ అడిగాకే అన్నాడు.

తర్వాత పిలుపులు మొదలయ్యాయి. ఈవో ముక్కు తుడుచుకుని పుస్తకంలోకి చూసి పిలిచాడు.

“ఆసామి నేలపూడి జీవరత్నం గారు.”

గోడ వారన ఇస్సాకు తలెత్తాడు.

ఎవరూ కదల్లేదు. జీవరత్నం కూడా కదల్లేదు. ఆమె నిజంగానే చుట్టూ చూసింది, ఎవరా ఆవిడ అని. ‘గారు’ కూడా ఉంది కదా. రెండోసారి పిలిచారు. మూడోసారి పిలిచి, హాజరు కాలేదని రాసుకోబోతూ ఈవో కలం ముంచుతుంటే, మాణిక్యాలరావు వరండా దిగి వచ్చాడు.

“మీరేనండీ. మిమ్మల్నే.”

జనం పక్కకి తప్పుకున్నారు. అంత దారి తనకోసం ఏర్పడడం ఆమె ఎప్పుడూ ఎరగదు. నడిచి మెట్ల కింద ఆగింది. పైకి రండని ఈవో అంటే ఒక్క మెట్టెక్కి మళ్లీ ఆగింది. కొడుకు వైపు చూడలేదు. వాడి చూపు మాత్రం చెంప మీద ఎండలా తగులుతోంది.

“నేను ఆసామిని కాదండీ బాబూ,” అంది. “పొరపాటు రాసేరండీ. మా ఆయన ఆసామి గారింట్లో పాలేరండీ. ఆ మాట కొట్టేసుకోండి. నేను పెట్టిన సంతకం కూడా కొట్టేసుకోండి. నాకు తెలీక పెట్టేనండీ.”

బెంచీ మీంచి కాశీవిశ్వనాథం గారు, చదివి పెట్టాలి కదే అన్నారు, కసురుకుంటున్నట్టు కాదు, విసుక్కుంటున్నట్టు. పేటవాళ్లలోంచి ఇంకెవరో, మాకూ అదే రాసేరండీ, మేమూ అదే కొట్టించుకుందామని పెట్టేమండీ అన్నారు. అవునండీ, మాకూ అంతేనండీ అని నాలుగైదు గొంతులు కలిశాయి.

ఈవో కలం పక్కన పెట్టేశాడు. సర్పంచి గారి మొహంలోకి చూశాడు. అప్పటికి గానీ ఈవోకి బోధపడలేదు, ముప్పై ఒక్కమంది ఒక మాటకి భయపడి సంతకం పెట్టారని. నవ్వుతాడేమోనని జీవరత్నం తల వంచుకుంది. ఆయన నవ్వలేదు. కుర్చీ వెనక్కి జరిపి, ఆ తలుపంత పుస్తకాన్ని రెండు చేతులా ఎత్తి ఆమె వైపు తిప్పి పెట్టాడు.

“ఇంకో మెట్టెక్కండమ్మా. చదువొచ్చు కదా మీకు. చూడండి.”

ఆమె ఎక్కింది. పుస్తకంలో గళ్లు గీసి ఉన్నాయి. మొదటి గడిలో ఇంటి నంబరు. రెండో గడి పైన, ఆసామి పేరు. ఈవో చెబుతున్నాడు. ఈ పుస్తకంలో ఆసామి అంటే పొలం ఉన్నవాడు కాదు. తల మీద సొంత కప్పు ఉండి, దానికి ఊరి పన్ను కట్టే ప్రతివాళ్లూ ఆసామే. తాటాకైనా, డాబా అయినా. తొమ్మిది వందల నాలుగు ఇళ్లు, తొమ్మిది వందల నాలుగు మంది ఆసాములు. దీన్ని కొట్టెయ్యాలంటే ముందు ఆ ఇల్లు మీది కాదని మీరే రాసివ్వాలి.

జీవరత్నం వేలు గడి వెంట కిందికి దిగింది. నూట పన్నెండో ఇల్లు, ఆసామి చింతలపాటి కాశీవిశ్వనాథం. దానికి కింద ఇంకెవరో. పేజీ తిప్పాడాయన. రెండు వందల ముప్పై ఒకటి, ఆసామి నేలపూడి జీవరత్నం. అదే సిరా. అదే చేతిరాత. ఆయన పేరుకి పెద్దక్షరాలూ లేవు, తన పేరుకి చిన్నవీ లేవు. యాకోబు ఈ మాటని ఎన్నివేలసార్లు పలికి ఉంటాడో. ఎప్పుడూ తలెత్తి పలికింది లేదు. చర్చిలో పాస్టరు గారు జీవగ్రంథం గురించి చెబుతారు, అందులో ప్రతి ఒక్కరి పేరూ రాసి ఉంటుందని. అది ఎలా ఉంటుందో ఆమె ఎప్పుడూ ఊహించుకోలేకపోయింది. ఎర్ర గుడ్డ అట్టతో, గళ్లు గీసి ఉంటుందని అసలే అనుకోలేదు. ఆమె వేలు తీస్తే అక్షరాలు పోతాయేమో అన్నట్టు అలాగే ఉంచింది.

“ఇప్పుడు చెప్పండి,” అన్నాడు ఈవో. “ట్యాంకు మీద ఇద్దరు మనుషుల్ని తీసెయ్యమని మీ సంతకం ఉంది. ఉంచమంటారా, కొట్టేయమంటారా? ఇది ఆసామి మాట, రాసుకుంటాను.”

ముందు నుయ్యి, వెనక గొయ్యి. కొట్టేయమంటే, కొడుకు కోసం కొట్టించుకుంది, మా మీద పన్నుభారం ఉంచిందని సత్తెమ్మ జన్మంతా అంటుంది. కాశీవిశ్వనాథం గారి మొహం రేపు ఎలా చూడాలో తెలీదు. ఆమె ఒక ప్రశ్న అడిగింది. నా ఇరవై నాలుగు రూపాయల్లో ఆ మనుషుల జీతానికి ఎంత పోతుందండీ అని.

ఈవో లెక్క కట్టాడు. వీధి దీపాలకి కొంత, మోటారు కరెంటుకి కొంత, రోడ్ల గతుకులకి కొంత, జీతాలకి రూపాయిలో నలభై పైసలు. ట్యాంకు ఇద్దరికే కాదు, ఊడ్చేవాళ్లకీ బిల్లు కలెక్టరుకీ కలిపి. అంటే ఏడాదికి తొమ్మిది రూపాయల అరవై పైసలు.

“ఇంటింటికీ అంతేనాండీ?”

“పెద్దింటికి పెద్ద, చిన్నింటికి చిన్న. అందరూ వేస్తేనే అవుతుంది.”

జీవరత్నం మొహంలో భయం పోలేదు గానీ, దాని పక్కన ఇంకేదో వచ్చి నిలబడింది.

“అయితే పిడికెడు బియ్యమే కదండీ,” అంది.

పేటవాళ్లందరికీ ఒక్కసారే అర్థమైంది. రోజూ ఎసట్లో పోసే ముందు పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేస్తారు, నెలాఖరికి ఆ కుండలన్నీ చర్చికి చేరతాయి. పాస్టరు గారి కుటుంబం బతికేది ఆ పిడికిళ్ల మీదే. తీసినట్టు ఏ ఇంటికీ తెలియదు, అటు కూడితే బస్తాలు. ముప్పై ఏళ్లుగా జీవరత్నం ఆ పిడికెడు తీస్తోంది. అయితే ఊరంతా కూడా లోపల్లోపల ఇలాగే ఒక కుండ పెట్టుకుందన్నమాట. ఆ కుండలోంచే తన కొడుకు నెలనెలా జీతం తెస్తున్నాడన్నమాట. సత్తెమ్మ పిడికెడు కూడా ఉంది అందులో. కాశీవిశ్వనాథం గారి దోసెడు కూడా.

“పాస్టరు గారు వారానికి రెండు రోజులే ప్రార్థన చేస్తే చాలని బియ్యం సగం తియ్యం కదండీ,” అంది నెమ్మదిగా. “నీళ్లు రోజూ తాగుతాం. ఆ పిల్లలు రోజూ ఎక్కుతారు. అందులో ఒకడు నా కొడుకేనండీ, దాచుకునేదేముంది. ఇరవై నాలుగంటే మాత్రం నాకు ఎక్కువేనండీ, అది తగ్గించండి. మనుషుల్ని తియ్యకండి. అలా రాసుకోండి.”

ఈవో రాసుకున్నాడు. ఆమె సంతకం మీద ఎర్ర గీత గీసి, పక్కన మళ్లీ సంతకం పెట్టమన్నాడు. ఈసారి చోటు చాలినంత ఉంది.

ఆమె మెట్లు దిగుతుండగా సత్తెమ్మ ఎక్కుతోంది. సంతకం కోసం కాదు, “నా పేరు కూడా ఆ మాట పక్కనే ఉందాండీ? చూపించండి” అంటోంది. చదువు రాదు, అయినా చూడాలంది. మాణిక్యాలరావు ఆమె వేలు పట్టుకుని సరైన గడి మీద పెట్టాడు. ఆమె తర్వాత ఇంకొకరు, తర్వాత ఇంకొకరు. విచారణ కాస్తా ఆగిపోయి, పేటవాళ్లు వరుసకట్టి పుస్తకం చూడడం మొదలైంది. కొందరు గడిని కళ్లకద్దుకున్నంత పని చేశారు. కొందరు, ఆసామి అయితే అయ్యాం కానీ పన్ను మాత్రం ఎక్కువేనండీ అని గట్టిగానే పోట్లాడారు. వాళ్లు అన్నదీ నిజమే. సాయంత్రానికి పేట సంతకాల్లో పంతొమ్మిది కొట్టేసి ఉన్నాయి, పన్నెండు అలాగే ఉన్నాయి. తాటాకిళ్లకి పన్ను పద్దెనిమిది చేశారు. మనుషుల్ని తీసేసేది లేదని త్రిమూర్తులు గారు లేచి నిలబడి చెప్పారు.

కాశీవిశ్వనాథం గారు వెళ్తూ వెళ్తూ జీవరత్నం దగ్గర ఆగారు. ఆమె గభాలున పక్కకి తప్పుకుంది. ఆయన కండువా దులుపుకుని, “వస్తానండీ ఆసామి గారూ” అన్నారు. వెటకారమే. కానీ అన్నాక ఆయనే ఒక్క క్షణం ఆగి, ఆ మాట నోట్లో ఎలా ఉందో చూసుకున్నట్టు పెదవులు కదిపి వెళ్లిపోయారు.

ఇంటి గుమ్మం దగ్గర ఇస్సాకు పనసచెక్క తలుపు తీస్తూ, నువ్వు పెట్టావని నాకు ముందే తెలుసమ్మా అన్నాడు. మరి చూళ్లేదన్నావు కదా నాయనా అంటే, జీవరత్నం అన్న మాట కింది వరసలోకి వంగిన సంతకం ఊళ్లో ఇంకెవరిదని అన్నాడు. ఆ నాలుగు రోజులూ వాడు ఈ వీధి కుళాయి ఒక్క పూట కూడా మానలేదు. అది తలుచుకుని ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మర్నాడు ఆరున్నరకి జీవరత్నం పొయ్యి దగ్గర లేదు. ట్యాంకు కింద, నాలుగు కాళ్ల మధ్య నిలబడి ఉంది. దగ్గర నుంచి ఆమె దాన్ని ఎప్పుడూ చూడలేదు. పైన ఎక్కడో వేలబిందెల నీళ్లు కదలకుండా నిలబడి ఉన్నాయి, తన తల మీదే. సిమెంటు కాలిని అరచేత్తో తడిమింది. చల్లగా ఉంది. పైనున్న నీళ్ల బరువు అరచేతికి తెలిసినట్టనిపించింది. తొమ్మిది వందల నాలుగు గడపల వాళ్లు కలిసి ఎత్తిపట్టుకున్నారు దీన్ని. అందులో తన చెయ్యి కూడా ఉంది.

అప్పుడు మొదటిసారి తలెత్తి చూసింది. నిచ్చెన చివర ఇస్సాకు వేలెడంత ఉన్నాడు. అయినా కళ్లు మూసుకోలేదు. వాడు కొలకర్ర చంకలో పెట్టుకుని, ఒక చేత్తోనే నిచ్చెన పట్టుకుని దిగడం మొదలుపెట్టాడు.

ఆమె రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని పిలిచింది. వాడు ఆగి కిందికి చూశాడు.

“ఒరేయ్ ఇస్సాకూ. నీకు జీతమిచ్చే ఆసామిని చెప్తున్నాను. ఆ కర్ర వదిలెయ్. రెండు చేతుల్తో పట్టుకుని దిగు.”

కొలకర్ర దూరంగా, గడ్డిలో పడింది.

“ఆయ్, అలాగేనండీ” అన్నాడు వాడు ఆకాశంలోంచి, రెండో చెయ్యి నిచ్చెన మీద వేసి.